ఆరు పలకల కడ్డీ

మా వీధిలో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు లేరు. పక్క షెడ్డులో కార్లు బాగుచేసే మరిది "వదినా" అని కేకేస్తే గోడకు ఇవతల ఆమె నడిపే లేత్ ఆగేది. ఆ పిలుపు నెమ్మదిగా వీధంతా పాకింది. ఆమె తండ్రి వయసున్నవాళ్లూ వదిన అనేవారు, బోల్టు చేయించుకోవడానికి వచ్చిన కొత్తవాళ్లూ వదిన అనేవారు. ఒకసారి కట్టుకున్న భర్తే ఏదో ధ్యాసలో ఉండి నలుగురి ముందు "వదినా, తాళంచెవి ఇటివ్వు" అనేశాడు. ఆ మాటను వీధి చాలాకాలం దాచుకుని మరీ నవ్వుకుంది.

ఇనుము కోసే ఆ లేత్ యంత్రం మామగారిది. ఇద్దరు కొడుకుల్లో ఒక్కడైనా దాని ముందు నిలబడతాడని ఆయన ఆశపడ్డాడు. పెద్దవాడికి ఇనుము చప్పుడు గిట్టదు. కళ్లజోళ్ల షాపులో ఫ్రేములకు అద్దాలు బిగించే పనిలో హాయిగా కుదురుకున్నాడు. చిన్నవాడు, కారు కింద పడుకుంటే ఉన్న సుఖం లేత్ ముందు నిలబడితే లేదని తేల్చేశాడు. ఈలోగా మామగారి చూపు తగ్గడం మొదలైంది. మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్లే కోడలు, ఆయన తింటున్నంతసేపూ వెర్నియర్ చేతిలోకి తీసుకుని కొలతలు చదివి వినిపించేది. చదివే మనిషికి ఎక్కడ ఎంత తీయాలో తెలియకుండా ఎలా ఉంటుంది? ఒకనాడు, ఇంకా వెంట్రుకవాసి ఎక్కువుంది మామయ్యా అని ఆమె అంటే, చెయ్యి కడుక్కుంటూ ఆయన, అయితే ఆ వెంట్రుకవాసి నువ్వే తీసెయ్యమ్మా అన్నాడు. ఆమె తీసింది. ఆ తర్వాత క్యారియర్ తేవడం ఆయన వంతయింది.

పిండిమర బుష్‌లు, నీటి మోటారు షాఫ్టులు, గేట్ల కీలు చీలలు, ఇలాంటివే పని. ఇనుప రజను అంటని చీర ఆమెకు ఒక్కటీ ఉండేది కాదు. మామగారు తలుపు పక్కన కుర్చీ వేసుకుని, చూపు లేకపోయినా చెవులతోనే పని చూసేవాడు. పనిముట్టు మొద్దుబారితే ఆమెకన్నా ముందే చెప్పేవాడు.

స్టేషన్ ముందు టాక్సీ స్టాండులో ఉన్నవన్నీ ఒకే రకం డీజిల్ కార్లు. ఏదో పెద్ద ఆఫీసు తన పాత బండ్లన్నింటినీ ఒకేసారి అమ్మేస్తే డ్రైవర్లు తలా ఒకటి కొనుక్కున్నారు. ఒక కాన్పులో పుట్టిన పిల్లల్లా రంగుతో సహా ఒకేలా ఉండేవి. మంచి బండ్లు. ఎంత బరువైనా లాగేవి, కొండ రోడ్డు మీద ఆయాసపడేవి కావు. వాటి మీదే ఆ డ్రైవర్ల ఇళ్లన్నీ నడిచేవి.

అలాంటి కార్లలో ఒకటి ఉన్నట్టుండి కొండ మలుపులో చచ్చిపోయింది. ఆయిల్ గుర్తున్న ఎర్ర లైటు వెలిగిందని, పైకెళ్లాక చూద్దాంలే అనుకున్నానని డ్రైవరు చెప్పాడు. పైకి వెళ్లలేదు. లోపల ఇనుముకు ఇనుము అతుక్కుని ఇంజను బిగిసిపోయింది. కొన్నాళ్లకు రెండోది, సరిగ్గా అలాగే, బజారు మధ్యలో. కల్తీ ఆయిలని కొందరన్నారు. డ్రైవరు నిర్లక్ష్యమని కొందరన్నారు. ఒకరి ముఖం ఒకరు అనుమానంగా చూసుకోవడం మొదలుపెట్టారు.

మూడోది స్టాండు పెద్దాయనది. ఆయన్ని అందరూ రూల్సు అనేవారు. వరసలో ఎవరి కారు ముందుకు జరగాలన్నా, ఎవరు ఎక్కడ ఉమ్మాలన్నా ఆయన దగ్గర ఒక రూలుండేది. అంతకు ముందు వారమే ఆయన కారుకు మరిది ఆయిల్ మార్చాడు. కారును తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డుకు అడ్డంగా నిలబెట్టించి, స్టాండంతా వెనక నిలబడి ఉండగా రూల్సు అడిగాడు.

"పోయినవారం నువ్వు చెయ్యి పెట్టావు. ఈవారం ఇంజను పోయింది. నన్నేమనుకోమంటావు?"

తను పోసిన ఆయిల్ మంచిదేనని మరిదికి తెలుసు, కానీ ఇంజను ఎందుకు పోయిందో తెలియదు. తెలియదు అన్న మాట మెకానిక్కు నోట ఎలా వస్తుంది? వాళ్లు వెళ్లాక షట్టరు సగం దించి, పాత టైరు మీద కూలబడ్డాడు.

వదిన లేత్ ఆపి, చేతులు తుడుచుకుని వచ్చింది. షెడ్డు మూసేసి ఎక్కడైనా బస్సులు కడిగే పనిలో చేరతానని అతను గొణిగాడు. ఆమె కాసేపు విని, విన్నది చాలనుకుని, పానా తీసి అతని చేతిలో పెట్టింది.

"నీ తప్పయితే ఒప్పుకుందాం. కాకపోతే ఎవరిదో చూద్దాం. ముందు విప్పు."

ఇక పాడవడానికి ఏం మిగిలిందని, విప్పుకోండి అని రూల్సు కబురు పంపాడు. మర్నాడు పొద్దున ఇద్దరూ కారు కింద చేరారు. అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని మెకానిక్కులు ఛాంబర్ అంటారు. దాన్ని దించితే ఆయిల్ నిండుగా, తేటగా ఉంది. అంటే మరిది పోసింది పోసినట్టే ఉంది. ఆయిల్‌ను పైకి తోడే పంపును చేత్తో తిప్పితే వెన్నలా తిరిగింది. అన్నీ బాగానే ఉన్నాయి, ఇంజను మాత్రం చచ్చింది. మరిది తల పట్టుకున్నాడు. అప్పుడు పంపును పక్కకు లాగుతుంటే సన్నటి కడ్డీ ఒకటి జారి రేకు పళ్లెంలో టంగుమని పడింది.

చూపుడువేలంత కడ్డీ. వదిన దాన్ని తుడిచి వెలుతురులోకి పట్టుకుంది. ఒక కొసన ఆరు పలకలున్నాయి. రెండో కొసన ఎంత వెతికినా పలక లేదు. నమిలి పారేసిన పెన్సిల్లా గుండ్రంగా అరిగిపోయింది.

సంగతి ఇదీ. ఇంజను తిరిగినప్పుడు దాంతోపాటు అడుగున ఒక షాఫ్టు తిరుగుతుంది. ఆ షాఫ్టు చివర ఆరు పలకల గుంట ఉంటుంది. కడ్డీ ఒక కొస అందులో, రెండో కొస పంపులో. షాఫ్టు కడ్డీని తిప్పాలి, కడ్డీ పంపును తిప్పాలి. ఇంత పెద్ద కారును తయారుచేసినవాళ్లు ఆ కడ్డీని మాత్రం పొట్టిగా చేశారు. షాఫ్టులోకి అది గోరంత లోతే దిగుతుంది. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి కడ్డీ అంచులూ అరుగుతాయి, గుంట అంచులూ అరుగుతాయి. ఒకరోజు షాఫ్టు తిరుగుతూనే ఉంటుంది, కడ్డీ కదలదు. తొట్టినిండా ఆయిలుంటుంది, ఇంజనుకు చుక్క అందదు.

మరిది తనతో పని నేర్చుకుని పెద్ద నగరంలో స్థిరపడిన స్నేహితుడికి ఫోన్ చేశాడు. అవతలివాడు నవ్వి, ఆ మోడలుకు అది పుట్టుకతో వచ్చిన జబ్బని, ఆ సంగతి అక్కడి మెకానిక్కులందరికీ తెలుసనీ అన్నాడు. కంపెనీ తర్వాతి కార్లలో దిద్దుకుందట. పాతవాటికి ఆ భాగం మొత్తం మార్చాలి, అది ఇప్పుడు రావడంలేదు. బజారులో దొరికే కడ్డీ మళ్లీ అదే పొట్టిది. అలాంటి కారు వస్తే తాను దణ్ణం పెట్టి పంపేస్తానని కూడా చెప్పాడు.

ఫోన్ పెట్టేశాక మరిది ముఖం వెలిగింది. తన తప్పు కాదు. ఆ కడ్డీ తీసుకెళ్లి రూల్సు ముందు పెడితే చాలు. వదిన ముఖం మాత్రం వెలగలేదు.

"మిగతావాళ్ల కార్లలోనూ ఉన్నది ఇదేగా?" అంది.

ఇద్దరూ స్టాండుకు నడిచారు. రూల్సు కడ్డీని అందుకుని, అటూ ఇటూ తిప్పి, పక్కనున్న కారు బానెట్టు మీద పెట్టాడు. అరిగిన కొసకు పట్టు దొరక్క కడ్డీ వాలులోకి గిర్రున తిరిగి కిందపడింది. పలకలున్న ఇనుము అలా తిరగకూడదని అక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. డ్రైవర్లంతా ఎవరి కారు వంక వాళ్లు చూసుకున్నారు. రూల్సు క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. కారణం తెలిసింది సరే, మా కార్ల సంగతేంటని మాత్రం అడిగాడు.

"నేను చేస్తాను," అంది వదిన. అనేశాకే తను ఏమందో ఆమెకు వినిపించింది. ఇక వెనక్కి తగ్గలేక, అందాకా కొండ ఎక్కొద్దని, ఎర్ర లైటు వెలిగితే నడిరోడ్డయినా సరే వెంటనే ఇంజను ఆపేయమని గట్టిగా చెప్పి వచ్చింది.

మొదట ఆమె కడ్డీనే మార్చింది. మంచి ఉక్కు తెచ్చి, పాతదానికన్నా పొడుగ్గా, పలకలు చేతికి కోసుకునేంత పదునుగా చేసింది. కారులో పెట్టి పరీక్షించే ధైర్యం లేక, చచ్చిన కారు షాఫ్టునే లేత్‌కు బిగించి, కడ్డీ పెట్టి, పంపును ఆయిల్ తొట్టిలో ముంచింది. లేత్ తిప్పగానే పంపు గొట్టంలోంచి ఆయిల్ చిమ్మి మరిది చొక్కా మీద పడింది. అతను ఆ చొక్కాతోనే వీధిలోకి పరుగెత్తి అందరికీ చూపించి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి ధార సన్నబడింది. కాసేపటికి బొట్లు బొట్లుగా పడి ఆగిపోయింది.

విప్పి చూస్తే కొత్త కడ్డీ కొత్తగానే ఉంది, పాత గుంటే పొడి పొడిగా రాలింది. మరిది మళ్లీ టైరు మీదికి వెళ్లబోయాడు. కుర్చీలోంచి మామగారు పిలిచాడు.

"కడ్డీది కాదమ్మా తప్పు, అది కూర్చునే గూడుది. గూడు వదులయ్యాక ఎంత గట్టిది పెట్టినా అంతే. గూడు మార్చు."

షాఫ్టు కొసను తొలిచి, అందులోకి గట్టి ఉక్కు గొట్టాన్ని బిగించాలి. ఆ గొట్టం లోపలి రంధ్రానికి ఆరు పలకలుండాలి. లోతు పాతదానికి రెండింతలుండాలి. చెప్పడానికి తేలికే. లేత్ అనేది గుండ్రంగా కోసే యంత్రం. గుండ్రటి రంధ్రం ఎన్నయినా చేస్తుంది, మూలలున్న రంధ్రం ఎలా చేస్తుంది?

దానికి వేరే పనిముట్టు కావాలి. ఒక కడ్డీకి వరసగా పళ్లు చెక్కి, ముందు పళ్లు చిన్నగా, వెనక్కి పోయేకొద్దీ కొంచెం కొంచెం పెద్దగా ఉండేలా చేసి, దాన్ని రంధ్రంలోంచి తోసుకుంటూ పోతే మూలలు తెగుతూ వస్తాయి. వదిన అలాంటిది ముందెన్నడూ చేయలేదు. చేయడానికి కూర్చుంది. ఒక్కో పన్నూ గీసి, కొలిచి, నచ్చక పారేసి, మళ్లీ గీసింది. ఎర్రగా కాల్చి ఆయిల్లో ముంచి గట్టిపరిచింది. తోయడం మొదలుపెట్టగానే ఫట్టుమని రెండు ముక్కలైంది. ఇంకోటి చేసింది. అదీ అంతే. పిండిమర వాళ్లు బుష్‌ల కోసం వచ్చి వచ్చి విసుక్కుంటున్నారు. ఆ సాయంత్రం ఆమె విరిగిన ముక్కలు లేత్ పక్కనే వదిలేసి ఇంటికి వెళ్లింది.

మర్నాడు ఆమె భర్త, ఇనుము చప్పుడంటే గిట్టని మనిషి, షాపుకు వెళ్తూ వెళ్తూ లేత్ దగ్గర ఆగి విరిగిన ముక్కలు జేబులో వేసుకుని పోయాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాడు. షాపులో అద్దాల మీద గీతలు వెతికే భూతద్దం కింద పెట్టి చూశాడట. విరిగిన చోట సగం మేర నల్లగా మాసి ఉంది, సగం తళతళలాడుతోంది.

"ఇది నువ్వు తోసినప్పుడు విరగలేదు. ముందే పగిలింది. మిగిలిన సగమే ఇక్కడ విరిగింది," అన్నాడు.

మామగారు అది విని, ఆయిల్ చల్లగా ఉండగా ముంచావా అని అడిగాడు. ముంచింది. గోరువెచ్చగా చేసి ముంచమని, తీశాక మళ్లీ సన్నటి సెగ మీద ఎండుగడ్డి రంగు వచ్చేదాకా కాచమని, ఆ రంగు రాగానే పక్కన పెట్టేయమని ఆయన చెప్పాడు. ఆయనకు ఇప్పుడు ఆ రంగు కనిపించదు. ఆమె కనిపెట్టి చూసి సరిగ్గా తీసింది. భర్త భూతద్దంతో ప్రతి పన్నూ చూసి, తల ఊపాడు.

ఈసారి పనిముట్టు విరగలేదు. ఉక్కు చుట్టలు చుట్టలుగా రాలుతుంటే అది అవతలికి దిగింది. వదిన గొట్టాన్ని ఎత్తి వెలుగుకు అడ్డం పెట్టుకుంది. ఆరు మూలల ఆకాశం ముక్క కనిపించింది. ఆమె దాన్ని మరిదికిచ్చింది, మరిది అన్నకిచ్చాడు, అన్న తండ్రి చేతిలో పెట్టాడు. మామగారు చిటికెనవేలు కొస లోపల పెట్టి ఒక్కో మూలనూ తడిమాడు. "బాగుంది" అన్నాడు. ఆయన నోట ఆ మాట ఎప్పుడో గానీ రాదు.

గొట్టాన్ని గట్టిపరిచి, షాఫ్టులో బిగించి, పొడుగు కడ్డీ పెట్టి మళ్లీ లేత్ మీద తిప్పారు. పగలంతా తిప్పారు, మర్నాడూ తిప్పారు. ధార సన్నబడలేదు. విప్పి చూస్తే అంచులు గోటికి తగులుతూనే ఉన్నాయి.

అయితే నడుస్తున్న కారును పరీక్షకు ఎవరిస్తారు? స్టాండులో అందరూ పక్కవాడి వైపు చూశారు. చివరికి హారన్ బాబాయి ముందుకొచ్చాడు. వయసులో స్టాండులో అందరికన్నా పెద్ద. నడిచి వెళ్తున్నా మలుపు దగ్గర గట్టిగా గొంతు సవరించుకునే అలవాటు వల్ల ఆ పేరొచ్చింది.

"ఎలాగూ ఆ ఎర్ర లైటు వంక చూస్తూనే నడుపుతున్నాను. రోడ్డు చూసి చాలా రోజులైంది. విప్పండి," అన్నాడు.

విప్పారు. ఆయన కారులో కడ్డీకి పలకల జాడలే మిగిలాయి. ముందురోజే ఆ కారులో నిండు చూలాలిని ఆసుపత్రికి చేర్చి వచ్చాడు. బాబాయి ఆ కడ్డీని వేళ్ల మధ్య తిప్పి చూసుకున్నాడు. వదిన మంచినీళ్లిచ్చింది.

కొత్త గూడు, కొత్త కడ్డీ బిగించి, ఆయిల్ ఒత్తిడి చూపించే మీటరొకటి తీగతో డాష్‌బోర్డుకు కట్టాడు మరిది. తాళం తిప్పాడు. ఎర్ర లైటు ఆరింది. ముల్లు లేచి నిలబడింది. ఇంజను వేడెక్కినా కిందికి జారలేదు. అయినా రూల్సుకు నమ్మకం చాలలేదు. నిండా మనుషులతో కొండెక్కాలి, మీటరు పక్కన తాను కూర్చోవాలి, అదీ రూలు. బాబాయి, రూల్సు, మరిది, వెనక ఇరుక్కుని మరో ఇద్దరు. కారు వీధి మలుపు తిరిగిపోయింది.

వదిన లేత్ దగ్గరికి వచ్చింది. చేతికి పని ఎక్కలేదు. పిండిమర బుష్ ఒకటి ఎక్కువ తీసేసి పాడుచేసింది, చాలా ఏళ్లలో మొదటిసారి. వెళ్లిరావడానికి పట్టే సమయం దాటింది. అంతకు రెండింతలు దాటింది. కొండ మలుపులో బిగిసిపోయిన ఇంజను ఆమె కళ్లముందు మెదులుతోంది. మామగారు, ఫోన్ చెయ్యమ్మా అన్నాడు. చేయాలంటే భయమేసింది.

అప్పుడు మరిది నడుచుకుంటూ వచ్చాడు. నడుచుకుంటూ రావడం చూసి ఆమె చేతిలో బుష్ పక్కన పెట్టేసింది.

"కారేది?" అంది.

"కొండ మీదికెళ్లింది."

"మళ్లీ ఎందుకు?"

"మేం మెల్లగా కొండెక్కి దిగి స్టాండుకొచ్చేసరికి రైలు దిగినవాళ్లు సామాన్లతో నిలబడున్నారు. బాబాయి ఇంకోమాట చెప్పకుండా మమ్మల్ని దింపేసి వాళ్లని ఎక్కించుకున్నాడు. ముల్లు కదల్లేదు వదినా. కొస దాకా కదల్లేదు. రూల్సు రెప్ప వెయ్యకుండా చూశాడు, కళ్లల్లోంచి నీళ్లు కారుతున్నాయి పాపం."

వదిన అక్కడే ఇనుప రజను మీద కూర్చుని నవ్వింది. నవ్వుతూనే ఉంది. మామగారు ఏమైందో అర్థంకాక ఒకసారి, అర్థమయ్యాక ఇంకోసారి నవ్వాడు.

ఆ మధ్యాహ్నమే రూల్సు స్టాండంతటినీ వెంటబెట్టుకుని షెడ్డు ముందుకొచ్చాడు. ఏ చోట నిలబడి మరిదిని నిలదీశాడో ఆ చోటే చూసుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు నేనన్నది తప్పు. పదిమందిలో అన్నాను కాబట్టి పదిమందిలోనే చెప్తున్నాను. నీ చేతిలో ఏ లోపమూ లేదు."

మరిది తల వంచుకుని పానా తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

ఇక కార్లు వరస కట్టాయి. మరిది విప్పేవాడు, వదిన గూడు తొలిచేది, భర్త షాపు మూశాక వచ్చి ప్రతి గూడునూ భూతద్దం కింద పరిశీలించేవాడు. ఒకసారి వెంట్రుక కన్నా సన్నటి గీత ఉందని ఒకదాన్ని పక్కన పెట్టించాడు. అందరూ చాదస్తం అన్నారు. వదిన మాత్రం మారుమాట్లాడకుండా దాన్ని చెత్తబుట్టలో వేసి కొత్తది చేసింది. ఇనుము చప్పుడంటే గిట్టదన్న మనిషి ఆ చప్పుడు మధ్య కూర్చుని కూనిరాగం తీయడం వీధి చూసింది.

నడిచే కార్లన్నీ అయ్యాక చచ్చినవాటి వంతొచ్చింది. మొదటిదాని ఇంజను మరీ కాలిపోయింది, దాని భాగాలు మిగతా రెంటికీ పనికొచ్చాయి. బేరింగులు మార్చి, గీతలు పడ్డ ఇరుసును సానబట్టించి, మరిది ఓపిగ్గా ఒక్కో ముక్కా కూర్చాడు. మొదటి కారు డ్రైవరూ తానూ పూటకొకరు చొప్పున తన కారును నడిపేలా హారన్ బాబాయి ఏర్పాటు చేశాడు. అది స్టాండులో ఏ రూలులోనూ లేదు. రూల్సు విని కూడా ఊరుకున్నాడు.

ఆయన కారు లేచిన రోజు వీధిలో చాలామందిమి పనులు మానుకుని చూశాం. మొదటి తాళానికి దగ్గింది, రెండోదానికి నల్లటి పొగ వదిలింది, మూడోదానికి అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. రూల్సు లోపల కూర్చుని మీటరు చూడలేదు, ఎర్ర లైటు చూడలేదు. తల బయటికి పెట్టి, వదిన ముఖం వంక చూశాడు. ఆమె చెవి అటు పెట్టి విని, వెళ్లమన్నట్టు చెయ్యి ఊపింది. అంతే, కారు కదిలింది.

కొద్దిరోజులకు సంగతి తెలిసి నగరంలోని స్నేహితుడు ఫోన్ చేశాడు. దణ్ణం పెట్టి పంపేసిన కార్లను వెనక్కి పిలుస్తున్నానని, గూళ్లు పంపిస్తారా అని అడిగాడు. వదిన ఫోన్ తీసుకుని, గూళ్లు పంపిస్తాను గానీ బిగించేది ఎలాగో వచ్చి చూసి వెళ్లమంది. వచ్చాడు. వచ్చినవాడు ఒక కారు తోలుకునే వచ్చాడు, వెనక తాడుతో ఇంకోటి.

మరిది ఆ రెండింటినీ చూసి, ఇవాళ ఒకటి, రేపు ఒకటి చేద్దామా అన్నాడు.

"రెండూ ఇవాళే విప్పు," అంది వదిన, లేత్ స్విచ్చి వేస్తూ.